నత్తి - తెలిసిన జవాబు

అమలాపురమో, రాజోలో, కొత్తపేటయో, ఒక ఉన్నత పాఠశాల. పంతులుగారు ప్రశ్న వేసిరి. తొమ్మిదవ తరగతి బాలునకు జవాబు తెలియును. మొదటి అక్షరము పెదవి దాటలేదు. వెనుక బల్లలలో నవ్వు వినబడెను. అతడు తెలియదన్నట్లు తల అడ్డముగ ఊపి కూర్చుండెను. మాట తడబడుటకన్న తెలిసినది దాచుకొనుటయే పెద్ద నష్టము.

నత్తి భయమువలన గాని, మందబుద్ధివలన గాని పుట్టదు. మాటను నడపు మెదడు పనిలోని తేడా దీనికి మూలము, కొంత వంశానుగతము. సాధారణముగ రెండు, ఐదేండ్ల నడుమ మొదలగును. పెక్కుమంది పిల్లలకు తనంత తానే పోవును. జనులలో సుమారు నూటికొకరికి ఉండును. నాలుకకు వస రాచినంత మాత్రమున పోదు. అదే బాలుడు తరగతితో గొంతు కలిపి పద్యము చదివినపుడు తరచు తడబడడు.

‘నిదానముగ చెప్పు’ మని తొందరపెట్టుట, అతని మాటను మనమే పూరించుట మేలు చేయవు. ముఖము చూచుచు వాక్యము ముగియువరకు వినవలెను. వాక్చికిత్సకుల శిక్షణయు ఉపకరించును. మైసూరులో 1965లో ఇందుకై ఒక అఖిల భారత సంస్థ వెలసినది. 1939 సెప్టెంబరు 3న రేడియోలో యుద్ధవార్త నుడివిన బ్రిటిషు రాజు ఆరవ జార్జికిని నత్తి ఉండెడిది. శిక్షకుడు లయొనెల్ లోగ్ ఆ గదిలో తోడుండెను.

పంతులుగారు అరనిమిషము వేచియున్నచో, ఆ బాలుని జవాబు తరగతికంతకు వినబడెడిది.