ఒకటి నొక్కితే మరొకటి లేచే బటన్

పాత పెడస్టల్ ఫ్యాను మీటలు గుర్తున్నాయా? 2 దిగి ఉండగా 3 నొక్కితే, 2 టక్కున పైకి లేస్తుంది. లోపల ప్రతి మీటకూ ఒక వాలు, ఒక గాడి ఉంటాయి. అన్నిటికీ అడ్డంగా, స్ప్రింగు తగిలించిన రేకుపట్టీ ఒకటే. కొత్త మీట దిగుతూ తన వాలుతో పట్టీని పక్కకు నెడుతుంది. ఆ క్షణంలో పాత మీట పట్టు వదిలి లేచిపోతుంది. పట్టీ వెనక్కి వచ్చి కొత్తదాని గాడిలో కూర్చుంటుంది. ఏది నొక్కి ఉందో గుర్తుపెట్టుకునేది ఆ పట్టీయే.

ఒకప్పటి కారు రేడియోల్లో స్టేషన్లు మార్చే బటన్లదీ ఇదే పద్ధతి. ఒకేసారి రెండు స్టేషన్లు వినలేం కదా. కంప్యూటర్ తెర మీదికి వచ్చినప్పుడు ఆ బటన్ తన పేరునూ వెంట తెచ్చుకుంది: రేడియో బటన్. 1984 నాటి మెకింతాష్‌లో అప్పటికే అది గుండ్రటి సున్నా, మధ్యలో చుక్క. 1995 నవంబరులో టిమ్ బెర్నర్స్-లీ, డాన్ కొనొలీ పేర్లతో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 పత్రం వెబ్ ఫారంలో దానికి స్థిరమైన చోటిచ్చింది. అక్కడ రేకుపట్టీ పని చేసేది 'నేమ్'. ఒకే పేరు పెట్టిన బటన్లన్నీ ఒక జట్టు.

"ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా ఒకటేనా?" అని మన దరఖాస్తులు అడుగుతూనే ఉంటాయి. అవునంటే కింది గళ్లతో పనిలేదు. కాగితం మీద వాటిని కొట్టేయాలి, తెర మీదైతే మాయం చేయొచ్చు. అందుకు కావలసిన రెండూ ఏడాదిన్నర తేడాలో వచ్చాయి: 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపమిచ్చిన జావాస్క్రిప్ట్, 1996 డిసెంబరులో సీఎస్ఎస్. అయినా పని సాఫీగా సాగలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 పేజీని అప్పటికప్పుడు మళ్లీ పేర్చుకోగలిగేది. నెట్‌స్కేప్ 4కు ఆ నేర్పు లేదు. 2006లో జాన్ రెసిగ్ తెచ్చిన జేక్వెరీతో మాత్రం 'హైడ్', 'షో' అన్న రెండు మాటల్లో పని ముగిసేది.

ఆ సులువులోనే ఒక సంగతి మరుగున పడిందని నాకనిపిస్తుంది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. 'డిస్‌ప్లే: నన్' అని దాచిన గడి ఫారంలోనే ఉంటుంది. అందులో ముందే ఏదైనా రాసి ఉంటే సర్వర్‌కు అదీ చేరుతుంది. తప్పనిసరి అని గుర్తు పెట్టిన గడి ఖాళీగా దాగి ఉంటే ఇంకా ఇబ్బంది. ఒక సాయంత్రం నెట్ సెంటర్లో ఇది నాకే ఎదురైంది. 'అవును' నొక్కాను, చిరునామా గళ్లు పోయాయి. కింద 'సబ్మిట్' ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నెట్ నెమ్మదిగా ఉందన్నాడు కుర్రాడు. నెట్ బాగానే ఉంది. దాగిన పిన్‌కోడ్ గడి నింపమని చెప్పాలని బ్రౌజర్ చూస్తోంది, కనబడని గడి దగ్గరికి నన్నెలా తీసుకెళ్తుంది? చివరికి 'కాదు' నొక్కి, అదే చిరునామా రెండోసారి టైపు చేసి పంపాను.

మందు చిన్నదే. ఆ గళ్లన్నిటినీ ఒక 'ఫీల్డ్‌సెట్'లో పెట్టి, దాచేటప్పుడే దాన్ని 'డిసేబుల్' కూడా చేయాలి. అప్పుడు బ్రౌజర్ వాటిని తనిఖీ చేయదు, పంపదు.

ఇంకో తేడా ఉంది. ఫ్యాను మీట లేచేటప్పుడు చప్పుడు చేస్తుంది. వెబ్ బటన్ ఎంపిక పోగొట్టుకున్నప్పుడు చప్పుడే ఉండదు. 'ఛేంజ్' కబురు కొత్తగా ఎంచుకున్న బటన్‌కే వస్తుంది. 'కాదు' బటన్ ఒక్కదానికే స్క్రిప్టు తగిలిస్తే తెరుచుకున్న భాగం ఇక మూసుకోదు. జట్టు మొత్తానికీ చెవి ఒగ్గాలి. పేజీ తెరుచుకోగానే కూడా ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే రీలోడ్ చేసినప్పుడు పాత ఎంపికను నిలిపి ఉంచే బ్రౌజర్లున్నాయి.

ఇప్పుడు దాచడానికి స్క్రిప్టే అక్కర్లేదు. సీఎస్ఎస్‌లో 'హ్యాజ్' అనే సెలెక్టర్ 2022లో సఫారీకి, క్రోమ్‌కు, 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది. కానీ అదీ దాచడం వరకే, గడిని డిసేబుల్ చేయలేదు. అందుకే ఎవరైనా కొత్త ఫారం చూపిస్తే నేను ముందుగా 'కాదు' నొక్కి, చిరునామా సగం రాసి, మనసు మార్చుకున్నట్టు 'అవును' నొక్కి పంపుతాను. ఆ సగం చిరునామా అవతలికి చేరిందా అని అడుగుతాను.