ఆటల కంప్యూటరునకు క్రొత్త గ్రాఫిక్సు కార్డు



బంగారము కొనునపుడు తూకము, తరుగు, మజూరీ విచారింపక మనము పైకము చేతినుండి జారనీయము. అంత ధరకే పిల్లలు కంప్యూటరునకు గ్రాఫిక్సు కార్డు కావలెనని యడిగినచో, అది మనకు రాని విద్య యని యూరకుందుము, లేదా “ఆటల కింత వ్యయమా!” యని కసరుదుము. రెండును తగవు. సంగతి తెలిసిన యిల్లాలు సరే యనుటకును, వలదనుటకును గూడ కారణము చెప్పగలదు.

ఈ కార్డు చేయుపని చిత్రలేఖనము. 2019లో వచ్చిన “సైరా నరసింహారెడ్డి” చలనచిత్రము మా ఉయ్యాలవాడ వీరుని కథ గనుక మీలో పలువురు చూచియుందురు. అందు కంప్యూటరు కల్పించిన దృశ్యములు గలవు. చలనచిత్రమున నట్టి బొమ్మను తీరికగా దిద్దవచ్చును. ఆటలో నా తీరిక లేదు. మీట నొక్కిన మఱుక్షణమే బొమ్మ మారవలెను. సామాన్యమైన మానిటరుపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600. సెకనునకు 60 బొమ్మలు చూపవలెనన్న 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ధర్మరాజునకు సభ గట్టుటకు మయునికి పదునాలుగు మాసములు పట్టినది. ఈ మయుడు సెకనున కఱువది సభలు గట్టవలసియున్నాడు!

అయినను ఆట తడబడినప్పుడెల్ల దోషము కార్డుదే యనరాదు. లెక్కలు చేయు ప్రాసెసరును, బొమ్మలు గీయు కార్డును ఒక కాడికి గట్టిన రెండెద్దులవంటివి. ముసలి యెద్దు ప్రక్కన కోడెను గట్టినచో మడక ముసలిదాని నడకనే సాగును. దీనిని కనుగొనుట కొక సులువైన పరీక్ష గలదు. ఆటలో చిత్రముల మెఱుగును, చుక్కల సంఖ్యను తగ్గించి చూడవలెను. వేగము చక్కగా హెచ్చినచో కార్డే బలహీనమైనది. హెచ్చకున్నచో ప్రాసెసరు అలసియున్నదని యెఱుంగునది. అప్పుడు కార్డుపై పెట్టిన సొమ్ము చాలవఱకు వృథా. మానిటరును గూడ చూడవలెను. 60 హెర్ట్‌జుల మానిటరు సెకనునకు 60 బొమ్మలకంటె చూపజాలదు. 140 గీయు కార్డును దానికి తగిలించుట మానెడు గిన్నెలో కుంచెడు పాలు పోయుటయే.

మా యింట జరిగినది చెప్పెదను. మా మఱది నంద్యాలలో చదువుచున్నాడు. ఆటలేగాక బ్లెండరు అను చిత్రకల్పన విద్యయు నేర్చుచున్నాడు. కంప్యూటరు 2019లో కొన్నది. ప్రాసెసరు ఆఱు కోరులది. కార్డు 4 గిగాబైట్ల జీటీఎక్స్ 1650. 2024 వేసవిలో “వదినా, ఆర్‌టీఎక్స్ 4070 కొందాము” అని యతడడిగెను. దాని వెల యేబదివేలు దాటినది. అప్పటికి మా యింట నున్న పైకము అత్తగారి కంటి శస్త్రచికిత్సకై దాచినదే. ఉపాధ్యాయుని జీతములో మఱియొక మూట యెక్కడిది? కోపపడక, పెట్టె తెఱచి చూపుమంటిని.

మొదట పవర్ సప్లైమీది చీటి చదివితిమి: 550 వాట్లు. 4070 కార్డునకు 650 వాట్లది కావలెనని తయారుచేసినవారే చెప్పుచున్నారు. పిమ్మట కుట్టుపనికి వాడు టేపుతో పెట్టెలోపల కొలిచితిని. 280 మిల్లీమీటర్ల చోటున్నది. అతడు చూచిపెట్టుకొన్న కార్డు 300కు మించినది. దానిని కొన్నచో పవర్ సప్లైని, పెట్టెను గూడ మార్చవలసియుండెను. ఇట్టి తోకఖర్చులు అంగడివాడు ముందుగా చెప్పడు.

తుదకు 12 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3060 తీసికొంటిమి. వెల సుమారు సగము. దానికి 170 వాట్లు చాలును. కార్డు నమర్చు గాడి 75 వాట్లిచ్చును, ఎనిమిది పిన్నుల తీగ 150 ఇచ్చును. కలిపి 225 గనుక నిశ్చింత. దీనికంటె క్రొత్తదైన 4060 కార్డు 115 వాట్లతోనే నడచును, వేగమును కొంత యెక్కువయే. కాని దాని జ్ఞాపకశక్తి 8 గిగాబైట్లు. పైగా అది మదర్‌బోర్డుతో ఎనిమిది దారులలోనే మాటలాడును. 3060 పదునాఱు దారులు వాడును. మా మదర్‌బోర్డు పాత మూడవతరము గాడి గలది గనుక, జ్ఞాపకము చాలక పొరలినప్పుడు ఇఱుకుదారి మఱింత బాధించును. బ్లెండరులో పెద్ద దృశ్యములకు 12 గిగాబైట్లు మేలని మా మఱదియే యొప్పుకొనెను. అతడు సెలవులలో పిల్లలకు ట్యూషను చెప్పి సగము సొమ్ము కూర్చెను. అత్తగారి కంటికి ఆ నెలలోనే చికిత్స జరిగినది.

పాత కార్డులు చౌకయని కొనువారు కొంత యోచింపవలెను. 2022 సెప్టెంబరు వఱకు ఎథీరియమను నాణెములకై లోకమంతట ఈ కార్డులను రేయింబవళ్ళు నడపిరి. అటుపిమ్మట నవి అంగళ్ళకు వచ్చినవి. అన్నియు చెడ్డవని కాదు. కన్నులెదుట అరగంట బరువైన ఆట నడపించి, వేడిమిని, ఫ్యానుల చప్పుడును గమనించి, అసలు రసీదుతో వారంటీ మిగిలియున్నదేమో చూచి కొనవచ్చును. సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయిన మనవారు అంగడి అంగడికి బేరమాడుదురు గాని, రసీదుమీద కార్డు సీరియలు సంఖ్య వ్రాయించుకొనుట మఱతురు. రసీదు లేనిచో వారంటీ కోరుట కష్టము.

మన సీమ యెండల సంగతి వేఱుగా చెప్పవలెనా? వేసవిలో నంద్యాల ప్రాంతమున 44 డిగ్రీలకు వచ్చును. వేడిమి మితిమీరినచో కార్డు తనంతట తానే వేగము తగ్గించుకొనును. కంప్యూటరు పెట్టెను బీరువాసందున దూర్చక, వెనుక జానెడు చోటు విడువవలెను. నల్లరేగడి దుమ్మును నెలకొకసారి బ్లోయరుతో ఊదవలెను. ఊదునపుడు ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టవలెను. 600 వీఏ యని వ్రాసియున్న చిన్న యూపీఎస్ సామాన్యముగా 360 వాట్లనే మోయును. క్రొత్త కార్డు వచ్చిన తరువాత నది చాలునో లేదో ముందే లెక్క చూచుకొనుడు.

కార్డు బిగించిన పిమ్మట మానిటరు తీగను దానికే తగిలింపవలెను. పాత అలవాటున మదర్‌బోర్డునకు తగిలించి, క్రొత్త కార్డు పనిచేయలేదని అంగడికి తిరిగి మోసికొనిపోవువారు కలరు.