ఇంటి మురుగు, ఊరి భూగర్భజలం

కాలిఫోర్నియా తీరంలోని లాస్ ఓసోస్ సుమారు 14 వేల జనాభా ఉన్న చిన్న ఊరు. తాగునీటికి ఆ ఊరికి భూగర్భజలమే ఆధారం. ఇసుక నేలలో, చిన్న చిన్న స్థలాల్లో ఇళ్లు పక్కపక్కనే వెలిశాయి. ఇంటింటికీ ఒక సెప్టిక్ ట్యాంకు. దశాబ్దాల పాటు ఊరి మురుగంతా కాళ్ల కిందనే ఇంకింది.

సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుగున పేరుకుంటుంది, జిడ్డు పైకి తేలుతుంది. మధ్యలో మిగిలిన నీరు అమ్మోనియాను మోసుకుంటూ నేలలోకి పోతుంది. గాలి ఆడే మట్టిలో బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. మట్టి పొరలు సూక్ష్మజీవులను చాలావరకు పట్టి ఉంచుతాయి గానీ, నీటిలో కరిగిన నైట్రేటును ఆపలేవు. ఇళ్లు దూరదూరంగా ఉంటే వాన నీటితో అది పలచబడుతుంది. కిక్కిరిసి ఉంటే ఏటికేడూ పెరుగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. అమెరికా పరిమితి కూడా దాదాపు అంతే. మోతాదు మించిన నీటితో కలిపిన పోతపాలు తాగితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు, ఒళ్లు నీలం తిరుగుతుంది.

ఈ కారణంతోనే 1983లో ప్రాంతీయ జల నాణ్యత మండలి లాస్ ఓసోస్‌లో చాలా భాగాన సెప్టిక్ ట్యాంకుల నీటిని నేలలోకి వదలకూడదని తీర్మానించింది. 1988లో నిషేధం అమలులోకి వచ్చి కొత్త ఇళ్ల నిర్మాణం దాదాపు నిలిచిపోయింది. శుద్ధి కేంద్రం ఎక్కడ కట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న తగవు మాత్రం తెగలేదు. ఊరి నడుమ మొదలైన పనిని 2005లో ఆపేశారు. ఆ ఏడాదే ఓటర్లు స్థానిక పాలకవర్గ సభ్యులను పదవి నుంచి దించేశారు. మరుసటి ఏడాది ఆ స్థానిక సంస్థ దివాలాకు దరఖాస్తు చేసుకుంది, బాధ్యత కౌంటీ ప్రభుత్వం చేతికి వెళ్లింది. చివరికి 2016లో శుద్ధి కేంద్రం నడక మొదలుపెట్టింది.

ఈలోగా మరో చిక్కు ముదిరింది. నైట్రేటు చేరిన పై పొరను వదిలి లోతు పొర నుంచి నీళ్లు ఎక్కువగా తోడడంతో, అందులోకి సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొచ్చింది. మురుగును పైపుల్లో పోగుచేసి ఊరు దాటిస్తే నేలకు అందే నీరు ఇంకా తగ్గిపోతుంది. అందుకే శుద్ధి చేసిన నీటిలో కొంత ఊరి ఎగువన ఇంకించే ఏర్పాటు చేశారు. మరికొంత పచ్చికకు, తోటలకు పోతుంది. అక్కడ బోరు నీటి వాడకం ఆ మేరకు తగ్గుతుంది.

ఈ అనుభవం చెప్పేదేమిటంటే, ఏ చిన్న ఊరిలోనైనా మురుగు ప్రణాళిక నేలతోనే మొదలవ్వాలి. భూగర్భజలం ఎంత లోతులో ఉంది, ఎటు పారుతోంది, మట్టి ఎలాంటిది, ఇళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నవి ముందు తేలాలి. తెలంగాణ, రాయలసీమల్లో లాగా గట్టి రాతి నేలైతే, పగుళ్ల వెంట మురుగు వడకట్టుకోకుండానే దూరపు బోర్లను చేరవచ్చు.

ఆ తర్వాతే పద్ధతి ఎంపిక. ఇళ్లు విడివిడిగా ఉన్నచోట సెప్టిక్ ట్యాంకు, దాని వెంట ఇంకుడు ఏర్పాటు సరిపోతాయి, మడ్డిని క్రమం తప్పకుండా తీయిస్తే. ఇళ్లు ఒత్తుగా ఉన్నచోట ట్యాంకుల్లో తేరిన నీటిని మాత్రమే సన్నని పైపుల్లో చెరువు తరహా శుద్ధి కుంటలకు చేర్చవచ్చు. ఘనపదార్థాలు ఉండవు కాబట్టి పైపులకు పెద్ద వాలు అక్కర్లేదు, ఖర్చూ తగ్గుతుంది. తాగునీటి బావులే నైట్రేటు బారిన పడుతుంటే నైట్రోజన్‌ను కూడా తొలగించే కేంద్రం కావాలి. దాన్ని నడిపే మనిషి జీతం, కరెంటు బిల్లు, పరిశీలక బావుల్లో నీటి పరీక్షల ఖర్చు మొదటి అంచనాలోనే చేరాలి.