బ్యానరు లాగు విమానము

చిన్నవిమానమొకటి పెద్ద అక్షరములు కూర్చిన బ్యానరును వెనుక లాగుకొని పోవుచుండగా జనులు తలలెత్తి వేడుకగా చూతురు. అది అంత నెమ్మదిగా, అంత తక్కువ ఎత్తున పోవుట చూపరులు చదువుకొనుటకే. కాని ప్రమాదము పొంచియుండునదియు ఆ నెమ్మదియందే, ఆ తక్కువ ఎత్తునందే.

సాధారణముగా విమానము బ్యానరుతో నేల విడువదు. మొదట ఖాళీగా లేచి, చుట్టు తిరిగి వచ్చి, రెండు గడల నడుమ కట్టిన త్రాటిని కొక్కెముతో అందుకొని వెంటనే ముక్కెత్తి పైకెగయును. ఆ క్షణముననే బ్యానరు గాలికి ఎదురీదుచు విమానమును వెనుకకు లాగును. ఇంజను పూర్తిబలముతో పనిచేయుచున్నను వేగము తరుగును.

విమానమును గాలిలో నిలుపునవి రెక్కలు. రెక్కలకు బలమిచ్చునది వానిపై సాగు గాలి. ముక్కు మితిమీరి పైకి లేచినచో ఆ ప్రవాహము చెదరి, రెక్కల మోతశక్తి పడిపోవును. దీనినే వైమానికులు స్టాల్ అందురు. ముక్కు దించి మరల వేగము కూడగట్టుకొనుటయే దీనికి ఉపాయము. అయితే ఆ వేగమునకు వెలగా ఎత్తును చెల్లింపవలెను. మూడువేల అడుగుల పైనున్నవానికి ఆ వెల భారము కాదు. రెండువందల అడుగులలో నున్నవానికి చెల్లించుటకు ఏమియు మిగులదు. అందుచే ఇంజను తడబడిన తోడనే బ్యానరును విడిచిపుచ్చి, ముక్కు దించి, ఎదుటనున్న చదునునేలను ఎంచుకొనవలెను.

అమెరికాలో ఫ్లోరిడాయందలి హాలీవుడ్ పట్టణమున 2023 మే 17న బ్యానరు లాగు విమానమొకటి వీధిలో కూలి, దాని చోదకుడు మరణించెను.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవారికి చిన్నవిమానముల చప్పుడు కొత్త కాదు. 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిన పిదప గూడ బేగంపేటనుండి శిక్షణవిమానములు ఎగురుచు వచ్చినవి. 2018 నవంబరులో పొరుగున శంకరపల్లి మండలములోని మోకిల యొద్ద అట్టి విమానము కూలగా శిక్షణార్థి గాయములతో బయటపడెను. 2019 అక్టోబరు 6న వికారాబాదు జిల్లా బంట్వారం మండలము సుల్తాన్‌పూరు పొలములలో సెస్నా విమానము కూలి, శిక్షణలోనున్న ఇద్దరు యువవైమానికులు అసువులు బాసిరి. ఈ రెండును బ్యానరు లాగినవి కావు. అయినను తేలికవిమానము ఏ పనిమీద ఎగిరినను, ఆపదలో దానికి అక్కరకు వచ్చునవి చేతనున్న ఎత్తు, వేగములే.

ఇట్టి దుర్ఘటనలను విచారించుటకు మన దేశమున 2012లో ప్రత్యేక విమానప్రమాద విచారణసంస్థ ఏర్పడినది. దోషిని పట్టియిచ్చుట దాని పని కాదు. అట్టి ప్రమాదము మరల జరుగకుండ కారణమును కనుగొనుటయే దాని పని. విరిగిన రెక్క, వంగిన ప్రొపెల్లరు, మీటలు నిలిచిన తీరు, ఇవియే అక్కడ సాక్షులు.

పొలములో విమానము కూలినపుడు మొదట చేరునది సమీప గ్రామస్థులే. ప్రాణమున్నవారిని కాపాడుట వారి ప్రథమకర్తవ్యము. పెట్రోలు కారుచుండును గనుక బీడీ, అగ్గిపుల్ల దరి చేరనీయరాదు. పోలీసులకు వెంటనే తెలుపవలెను. ప్రాణరక్షణకు తప్ప ఏ ముక్కను కదలింపరాదు. జ్ఞాపకార్థమని ఇంటికి కొనిపోరాదు. మనము చెదరగొట్టిన ఒక్క ముక్క, రేపు మరియొక యువకుని కాపాడవలసిన సాక్ష్యము కావచ్చును.