కోనసీమ మడ అడవిలో కుక్కమూతి నీటిపాము

గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు సముద్రంలో కలిసే కోనసీమ అంచున, కొబ్బరి తోటలు ముగిసి బురదనేల మొదలయ్యే చోట, పోటుకు మునిగి ఆటుకు తేలే మడ అడవులు కనిపిస్తాయి. కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాల వైపు విస్తరించిన ఈ అడవులు, 1978లో ఏర్పడి సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల కోరింగ అభయారణ్యంతో కలిసిపోతాయి. ఉప్పునీటికీ మంచినీటికీ నడుమనున్న ఈ బురదలో బతకడానికి తగిన శరీరం గలది కుక్కమూతి నీటిపాము. దీని శాస్త్రీయ నామం సెర్బెరస్ రింకాప్స్.

సాధారణంగా మీటరు లోపే పెరిగే ఈ పాము బూడిద, గోధుమ రంగులు కలిసిన ఒంటితో, నల్లని అడ్డపట్టీలతో, కంటి మీదుగా సాగే నల్లచారతో ఉంటుంది. దాని కళ్లు, ముక్కురంధ్రాలు తల పైభాగాన ఉండటం వల్ల ఒళ్లంతా నీటిలో దాచుకుని చుట్టూ చూడగలదు, గాలి పీల్చగలదు. మునిగినప్పుడు ముక్కురంధ్రాలను కవాటాలు మూసేస్తాయి. ఈ ప్రజాతి పాముల పై దవడ ముందుభాగంలో ఉప్పు గ్రంథి, అంటే ఒంట్లో చేరిన అదనపు లవణాన్ని బయటికి పంపే అవయవం ఉన్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. జారే బురద మీద అది ఒంటిని పక్కకు ఎత్తి వేస్తూ ఏటవాలుగా కదులుతుంది. పగలు ఎక్కువగా పీతల బొరియల్లో తలదాచుకుని, రాత్రి చేపల వేటకు బయలుదేరుతుంది. పొలాల్లోని నీరుకట్టు పాము గుడ్లు పెడితే, ఇది నేరుగా పిల్లల్ని కంటుంది.

దీని పై దవడ వెనుకవైపు గాడి గల చిన్న కోరలుంటాయి. వాటి ద్వారా దిగే స్వల్ప విషం చేపలను లొంగదీస్తుందే గానీ మనిషి ప్రాణానికి ముప్పు కాదు. తీవ్ర విషం గల సముద్ర సర్పాలకు తోక తెడ్డులా చదునుగా ఉంటుంది, దీని తోక మాత్రం సన్నగా గుండ్రంగా ముగుస్తుంది. అయినా వలలో పడిన ఏ పామునూ చేత్తో పట్టకూడదు; ఏ పాము కరిచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన గ్రంథంలో ఈ పాముకూ చోటిచ్చాడు. ఇంత పాత పరిచయం ఉన్న ఈ జీవికి నేటి ముప్పు చంపేవారి కర్ర ఒక్కటే కాదు, మడ నరికి తవ్వే రొయ్యల చెరువు కూడా. చేపపిల్లలకు నర్సరీగా, ఉప్పెనకు అడ్డుగోడగా నిలిచే మడను కాపాడుకుంటే, మత్స్యకారుల జీవనోపాధితో పాటు ఈ పాముకూ రక్షణ దొరుకుతుంది.