నాభా రాజహంస

చలికాలం ముగిసే రోజులలో రాజధాని వీధుల వెంట పాత కార్ల ఊరేగింపు జరగడం ఢిల్లీకి అలవాటైన ముచ్చట. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ప్రారంభించిన ఈ ఉత్సవాన్ని తిలకించడానికి రాయబారులూ, పిల్లలను భుజాల కెత్తుకున్న గుమాస్తాలూ ఒకే తాడు వెనుక నిలబడతారు. ఒకనాటి సంస్థానాధీశుల రోల్స్‌రాయిస్‌లు నిగనిగలాడుతూ సాగిపోతుంటే నాకు మాత్రం ఆ వరుసలో లేని ఒక వాహనం జ్ఞాపకం వస్తుంది. అది హంస రూపంలో నిర్మించిన కారు. పంజాబులోని నాభా రాజవంశం వద్ద డెబ్బయి ఏండ్లకు పైగా ఉండి, 1991లో హాలెండు చేరింది.

దాని కథ మొదలైంది కలకత్తాలో. మాథ్యూసన్ అనే సంపన్నుడైన దొర తన కోసం 1910లో ఇంగ్లండులోని లోస్టాఫ్ట్ పట్టణంలో, బ్రూక్ కంపెనీ చేత దీనిని చేయించుకున్నాడు. ఖర్చు 10,000 పౌనులకు పైమాటే నంటారు. ముందు భాగమంతా చెక్కిన హంస శిల్పం, ఒంటినిండా బంగారు రేకుతో తీర్చిన పద్మాలు. చీకటి పడితే హంస కన్నులు వెలుగుతాయి. లోపల మెట్లు నొక్కితే బయట వాద్యం మ్రోగుతుంది. అన్నిటికంటె విచిత్రం దాని ముక్కు. ఇంజనులో కాగిన నీటిని ఆ ముక్కు ద్వారా ఎదుటి జనంపై చిమ్మి దారి చేసుకోవచ్చు. వెనుకవైపు నుంచి హంస రెట్టవలె సున్నపు నీరు జారవిడిచే ఏర్పాటు కూడా ఉన్నదంటే, దొరగారి హాస్యప్రియత్వం ఎంతవరకు పోయిందో పాఠకులే ఊహించుకోవచ్చు.

మనకు హంస సరస్వతీదేవి వాహనం. తిరుమల బ్రహ్మోత్సవాలలో శ్రీవారు అధిరోహించే వాహనం. పాలనూ నీళ్ళనూ వేరుచేసే వివేకానికి సంకేతం. మాథ్యూసన్ హంస వేరుచేయవలసినవి పాలూ నీళ్ళూ కావు, దొరకూ దారికీ అడ్డమైన మనుషులను. అది మొదటిసారి వీధిలోకి వచ్చిననాడు చెలరేగిన గందరగోళం చూసి పోలీసులే దానిని నిషేధించవలసి వచ్చింది.

ఆ తరువాత దానిని కొన్నది నాభా మహారాజు. ఈ కారును గురించి ముచ్చటించేవారు చాలామంది కలకత్తా వినోదం వద్దనే ఆగిపోతారు. రాజకీయాలు పట్టినవారికి అసలు కథ ఇక్కడే ఉన్నది. 1911 నుంచి నాభా నేలిన రిపుదమన్ సింగ్ తెల్లవారికి కొరుకుడుపడని రాజు. సిక్కుల వివాహాలకు చట్టబద్ధత కల్పించిన ఆనంద్ వివాహ బిల్లును కేంద్ర శాసనమండలిలో ప్రతిపాదించినవాడు. అకాలీల పట్ల సానుభూతి గలవాడు. పాటియాలాతో వచ్చిన తగాదాను సాకుగా చేసుకొని బ్రిటిష్ ప్రభుత్వం 1923 జులైలో ఆయనను గద్దె దింపింది. 1928లో బిరుదులు సైతం ఊడలాగి కొడైకెనాల్‌కు పంపింది. 1942లో ఆయన అక్కడే కన్నుమూశాడు.

గద్దె దింపడాన్ని నిరసిస్తూ అకాలీలు జైతోలో సాగించిన సత్యాగ్రహాన్ని చూడవచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను 1923 సెప్టెంబరులో నిర్బంధించారు. ఆయన చేతినీ, సహచరుడు సంతానం చేతినీ ఒకే సంకెలతో బంధించి జైతో వీధులలో నడిపించారు. ఆపై నాభా జైలులో, ఎలుకలు తిరుగాడే తేమగదిలో ఉంచారు. ఆత్మకథలో నెహ్రూ దీనికొక అధ్యాయమే కేటాయించారు. హంసవాహనం గల సంస్థానంలో కాబోయే ప్రధానికి లభించిన ప్రయాణ సౌకర్యం ఇది!

స్వాతంత్ర్యం వచ్చింది. సంస్థానాలు విలీనమయినవి. 1971లో రాజభరణాలూ రద్దయినవి. ఆ నిర్ణయాన్ని ఆక్షేపించేవాణ్ణి కాను. కాని పోయిన దర్పం వెనుక మిగిలిన వస్తువులలో దేశచరిత్రకు చెందినవేవో ఏరిపెట్టే పని ఎవరూ తలకెత్తుకోలేదు. 1972 నాటి పురావస్తు చట్టం ఇటువంటి వస్తువును పరిగణించాలంటే దానికి నూరేండ్లు నిండాలి. దేశం విడిచేనాటికి హంస వయస్సు 81. యాభై ఏండ్లు దాటిన వాహనాలకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పిస్తూ కేంద్ర రవాణా శాఖ నిబంధనలు తెచ్చినది 2021లో!

డచ్చివారిని నిందించి ప్రయోజనం లేదు. వారు దానిని శ్రద్ధగా పునరుద్ధరించి, మళ్ళీ మెరిసేటట్లు చేశారు. మన రాజప్రాసాదాల షెడ్లలో తుప్పుపట్టిన బండ్ల గతి తెలిసినవాణ్ణి కనుక, హంస ఇక్కడే ఉండిపోతే క్షేమంగా ఉండేదని ప్రమాణం చేసి చెప్పలేను. అయినా అది జైతో, నాభాల పేర్లు వినగానే ఉలిక్కిపడే జనం మధ్య నుంచి వెళ్ళిపోయిందన్న బాధ ఒకటి ఉన్నది.

నాభా మహారాజు హంసకు తోడుగా విద్యుత్తుతో నడిచే పిల్లహంసను కూడా చేయించాడు. తల్లీపిల్లా రెండూ ఇప్పుడు హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలోనే ఉన్నాయి.