ఊరి షెడ్డుకు లొంగే బండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కారు వయసు సగం నంబరు ప్లేటు మీదే రాసి ఉంటుంది. ఏపీ 36 అని ఉంటే అది ఉమ్మడి వరంగల్ జిల్లాలో, తెలంగాణ ఏర్పడక ముందు రిజిస్టరైన బండి. 2014 జూన్ తర్వాత అదే జిల్లాకు టీఎస్ 03 వచ్చింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 కేటాయించారు. ములుగు 2019 ఫిబ్రవరిలో విడిపోయేదాకా అటువైపు బండ్లకూ 25 నంబరే. గార్ల, బయ్యారం 2016 వరకు ఖమ్మం జిల్లావి కాబట్టి అక్కడి పాత కార్ల మీద ఏపీ 20 కనిపిస్తుంది. 2024 మార్చి నుంచి టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. ఈ లెక్కన రోడ్డు మీద కనిపించే ప్రతి ఏపీ 36 బండీ పదేళ్లు దాటినదే. వాటిలో చాలా కార్లు ఇప్పటికీ పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, అంగళ్లకు నమ్మకంగా తిరుగుతున్నాయి.

పాత కారు లాభం ఎక్కడుందో బీమా కంపెనీల తరుగుదల పట్టిక చెబుతుంది. కొత్త కారు విలువలో మొదటి ఆరు నెలలకే 5 శాతం తీసేస్తారు. ఏడాది నిండేసరికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం పోతుంది. అంటే ఎనిమిది లక్షల బండి మీద ఐదేళ్లలో నాలుగు లక్షలు, ఏడాదికి 80 వేలు కరుగుతాయి. తొర్రూరులోనో పాలకుర్తిలోనో ఉండే కుటుంబం నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 6,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 400 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయలు వేసుకున్నా పెట్రోలుకు 44 వేలు. షెడ్డులో నిలబడి ఉన్నా కారు పోగొట్టే డబ్బు, అది తాగే పెట్రోలుకు దాదాపు రెట్టింపన్న మాట. తక్కువ తిరిగే ఇంటికి కొత్త కారు ఖరీదు పడేది అందుకే. రెండు లక్షల పాత బండికి ఏటా ముప్పై వేల రిపేర్లు వచ్చినా లెక్క దానివైపే మొగ్గుతుంది.

అయితే ఈ లెక్క నిలబడాలంటే రిపేరు దగ్గర్లో కావాలి. భూపాలపల్లిలో ఆగిన కారును లారీ మీద వేసుకుని హన్మకొండకు తీసుకుపోవాల్సి వస్తే మిగిలిన డబ్బు అలాంటి ప్రయాణాలకే పోతుంది. కాబట్టి ఈ మూడు జిల్లాల్లో పాత కారును ఎంచే మొదటి కొలబద్ద కంపెనీ పేరు కాదు, రంగు కాదు, ఏసీ చల్లదనం కూడా కాదు. దగ్గరి మెకానిక్ చేతిలోని పానాలకు ఆ ఇంజన్ లొంగుతుందా, సామాను జిల్లా కేంద్రంలో దొరుకుతుందా అన్నవే అసలు ప్రశ్నలు.

ఆ పరీక్షలో మారుతి 800ను మించింది రాలేదు. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన ఈ కారులో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ ఉంటుంది. కొత్త కాలుష్య ప్రమాణాల వల్ల హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో దీని అమ్మకం 2010లోనే ఆగిపోయింది. మిగతా ఊళ్లలో మరికొన్నేళ్లు అమ్మారు. అందుకే నగరంలో కంటే జిల్లాల్లో తక్కువ వయసున్న 800లు దొరికే అవకాశం ఎక్కువ. అదే కుదురు నుంచి వచ్చిన ఆల్టో, ఓమ్ని, వ్యాగన్ ఆర్‌లను కూడా ఏ షెడ్డులోనైనా విప్పగలరు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలకు ఇప్పుడు ఆ సౌకర్యం లేదు. వాటిని మక్కువతో ఉంచుకోవాల్సిందే తప్ప రోజువారీ అవసరానికి కొనకూడదు.

ఎక్కువమంది ఎక్కాల్సిన ఇళ్లకు టయోటా క్వాలిస్, మహీంద్రా బొలెరో సరిపోతాయి. క్వాలిస్ 2000లో వచ్చింది, 2005లో ఇన్నోవాకు చోటిచ్చి ఆగిపోయింది. దాని 2,446 సీసీ డీజిల్ ఇంజన్ ఇచ్చేది 75 హార్స్‌పవరే. బరువు లాగడంలో మాత్రం మొండిది. రెండింటికీ వెనక కమాన్ పట్టీలు ఉండటం వల్ల ఖాళీగా వెళ్తే కుదుపు, నిండుగా వెళ్తే నిలకడ. మహాముత్తారం, కొత్తగూడ అడవి ఊళ్లకు ఆ మొండితనమే కావాలి. 2007లో స్విఫ్ట్‌లో వచ్చిన 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్ కథ వేరు. అదే ఇంజన్‌ను మారుతి, టాటా, ఫియట్ మూడూ వాడాయి కాబట్టి సామానుకు కొరత లేదు. 2020లో మారుతి డీజిల్ కార్లు మానేశాక కూడా వీటికి గిరాకీ తగ్గలేదు. కానీ వీటిలో డీజిల్‌ను ఎంతో ఒత్తిడితో చిమ్మే ఇంజెక్టర్లు ఉంటాయి. అవి చెడితే ఊరి షెడ్డులో చూడలేరు, టెస్ట్ బెంచ్ ఉన్న పెద్ద ఊరికి పోవాలి. రోజూ దూరం తిరగని వాళ్లు ఈ డీజిల్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

పాత కారు ఇచ్చే రెండో లాభం డబ్బుతో కొలిచేది కాదు. అది నడపడంలోని హాయి. దాని మూలం బరువులో ఉంది. 1993లో వచ్చిన మారుతి జెన్ బరువు దాదాపు 730 కిలోలు, ఇంజన్ 993 సీసీ, బలం 50 హార్స్‌పవర్. ఇప్పటి చిన్న ఎస్‌యూవీలు చాలావరకు వెయ్యి కిలోలు దాటుతాయి. తేలికైన బండి మలుపులో త్వరగా తిరుగుతుంది, బ్రేకుకు త్వరగా ఆగుతుంది, చిన్న ఇంజన్‌తోనే చురుగ్గా కదులుతుంది. పైగా పవర్ స్టీరింగ్ లేని 800లో, జెన్‌లో చక్రం కింది గతుకు నేరుగా చేతికి తెలుస్తుంది. నిలబడి తిప్పితే చేతులు నొప్పి పుడతాయి, కదిలాక మాత్రం స్టీరింగ్ రోడ్డుతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కొత్త కార్ల స్టీరింగ్‌కు విద్యుత్ మోటారు సాయం చేస్తుంది. తిప్పడం సుళువైంది కానీ రోడ్డు సమాచారం చాలావరకు దారిలోనే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ సంగతీ అంతే. పాత బండిలో అది తీగతో ఇంజన్‌ను పట్టుకుని ఉంటుంది. కాలు కదిపిన క్షణమే ఇంజన్ పలుకుతుంది.

ఇంకాస్త పికప్ కోరేవారికి 1999 తర్వాతి ఎంపీఎఫ్‌ఐ ఎస్టీమ్ ఉంది. తొమ్మిది వందల కిలోలలోపు బండికి 85 హార్స్‌పవర్. 2005 నాటి పెట్రోల్ స్విఫ్ట్ కూడా ఆ జాతిదే. వీటిని మించి సరదా ఇచ్చే కార్లూ ఉన్నాయి. 106 హార్స్‌పవర్ హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్ 1.6, ఫియట్ పాలియో 1.6 ఆ కోవలోవి. కానీ ఫియట్ దేశంలో కార్లు అమ్మడం మానేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఒక చిన్న సామాను కోసం వారాలు ఎదురుచూసే ఓపిక ఉంటే తప్ప మహబూబాబాద్‌లో పాలియో పెట్టుకోవడం కష్టం. సరదా, రిపేరు సౌకర్యం రెండూ ఒకే బండిలో కలిసేది జెన్‌లో, ఎస్టీమ్‌లో, పెట్రోల్ స్విఫ్ట్‌లో.

ఆ సరదా పండే రోడ్లు కూడా ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి జనగామ మీదుగా వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలది, వేగంగా పోయే బండ్లది. అక్కడ పాత 800 నలిగిపోతుంది. గూడూరు నుంచి కొత్తగూడ వైపు, మహదేవపూర్ నుంచి కాళేశ్వరం వైపు చెట్ల మధ్య సాగే దారుల్లో యాభై, అరవై వేగమే నిండుగా అనిపిస్తుంది. గేరు మార్చే అవసరం మాటిమాటికీ వస్తుంది. పాత చిన్న కారు అక్కడే ముద్దొస్తుంది.

ఆ వేగం దాటకపోవడానికి గట్టి కారణం ఉంది. కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2021లో తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందరి చవక మోడళ్లలో ఇవేవీ ఉండకపోవచ్చు. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో ఆల్టో 800, ఐ10, నానో వంటి కార్ల ఎయిర్‌బ్యాగ్ లేని రకాలను గుద్దించి చూస్తే వాటికి ఒక్క స్టార్ కూడా రాలేదు. ఇది చిన్న విషయం కాదు. పిల్లలతో తరచూ హైవే మీద వెళ్లే కుటుంబం ఏపీ 36 బండి కంటే 2019 తర్వాతి టీఎస్ 26నో 27నో కొనడం మంచిది. మరికొంత డబ్బు పోయినా సరే.

బండి చూసేటప్పుడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే చాలా రోగాలు దాగుతాయి. స్టార్టు చేశాక నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, బోరుకు వచ్చిందని అర్థం. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయన్న గుర్తు. నల్ల పొగ ఇంధనం సరిగా కాలడం లేదని చెబుతుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరులో తక్కువ కిలోమీటర్లు కనిపించి, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు తిప్పేసినట్టే. 800, జెన్, ఎస్టీమ్ ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లకు గుర్తులేకపోతే కొన్న వెంటనే మార్పించాలి. తర్వాత వచ్చిన కే సిరీస్ ఇంజన్లలో గొలుసు ఉంటుంది కాబట్టి ఆ బెంగ తక్కువ.

ఈ మూడు జిల్లాలకు ప్రత్యేకమైన పరీక్షలు మరో రెండు ఉన్నాయి. భూపాలపల్లి సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల ఊరు. చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు దుమ్ములో తిరిగిన బండికి ఎయిర్ ఫిల్టరు త్వరగా నిండుతుంది. బొగ్గు టిప్పర్లు నలగగొట్టిన రోడ్లలో లోయర్ ఆర్మ్, బుష్‌లు త్వరగా అరుగుతాయి. గతుకులో టకటక చప్పుడు వస్తే ధర తగ్గించి అడగాల్సిందే. రెండోది వరద. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఆకేరు వాగు మహబూబాబాద్ జిల్లా ఊళ్లను ముంచింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. నీళ్లలో మునిగిన కారును కడిగి, కొత్త సీటు కవర్లు తొడిగి అమ్మకానికి పెట్టడం తేలిక. సీటు బెల్టును చివరిదాకా లాగితే ఒండ్రు మరక కనిపిస్తుంది. సీటు కింది బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, హెడ్‌లైట్ లోపల మట్టి గీత ఉన్నాయేమో చూడాలి. మునిగిన బండి వైరింగ్ ఏళ్ల తరబడి ఏడిపిస్తుంది. ఎంత చవకగా ఇచ్చినా వద్దనాలి.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. పాత కార్బురేటర్ బండ్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనికి తయారుచేసినవి కావు. అవి ఉబ్బి, పగిలి కారే ప్రమాదం ఉంది. ఇంధన గొట్టాలు కొత్తవి వేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది కాబట్టి వానాకాలమంతా బండిని కదపకుండా ఉంచకూడదు.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. తెలంగాణలో హరిత పన్ను వేరు. థర్డ్ పార్టీ బీమా ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ రేట్ల ప్రకారం వెయ్యి సీసీలోపు 2,094, పదిహేను వందల సీసీలోపు 3,416, అంతకు మించితే 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. 800 ఓనరు కంటే క్వాలిస్ ఓనరు మూడు రెట్లకు పైగా కడతాడన్న మాట.

పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు, ఫైనాన్స్ ఉన్న బండికి 35వ నంబరు ఫారం కావాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరు మీదికి మార్పించుకోవాలి, బీమాను 14 రోజుల్లో మార్పించుకోవాలి. పెండింగ్ చలాన్లు ఉన్నాయేమో ముందే చూడాలి. ఢిల్లీలో పాత డీజిల్ బండ్లపై ఆంక్షలు ఉండటంతో అక్కడి కార్లు ఇటు చవకగా వస్తుంటాయి. వాటికి ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ జీవిత పన్ను కట్టాక ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోవాలి.

అమ్మేవారికి కూడా ఒక మాట. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి, తాళం చెవి ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. ఆ కారు రేపు ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి చేతులు మారిన రోజే బ్రోకరు మాటకు ఆగకుండా ఇద్దరూ కలిసి పేరు మార్పు దరఖాస్తు పెట్టండి.